'మేస్త్రి' అంటే ఎవరు? కార్మిక శాఖ అధికారులకు, నిఘంటుకారులకు ఒక బహిరంగ లేఖ

కార్మిక శాఖలో తెలుగు ఫారాలు తయారుచేసే అధికారులకు, నిఘంటువులు కూర్చే పెద్దలకు, పత్రికల డెస్కుల్లో పనిచేసే మిత్రులకు,

నమస్కారం.

నేను ఒక తాపీ మేస్త్రి కూతుర్ని. ఈ విషయం మీద ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాను. రెండు కార్మిక శాఖ కార్యాలయానికి, ఒకటి నిఘంటువు పని చేస్తున్న ఒక సంస్థకి. రిజిస్టర్డ్ పోస్టు రసీదులు నా దగ్గరే ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను. మా నాన్న ముప్ఫై ఏళ్లకు పైగా గోడలు కట్టారు. రెండేళ్ల కిందట పరంజా మీంచి జారి పడి కాలు విరిగింది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఉంది కదా అనే ధైర్యంతో సాయం కోసం దరఖాస్తు పెట్టాం. అది తిరిగొచ్చింది. ఎందుకని వెళ్లి అడిగితే, కంప్యూటర్లో ఆయన పని 'సూపర్‌వైజర్' అని ఉందన్నారు. కార్డు రాయించుకున్న రోజున "ఏం పని చేస్తావు?" అని అడిగితే నాన్న "మేస్త్రినండీ" అన్నారట. మేస్త్రి అంటే పని చేయించేవాడే కదా అనుకుని, అవతల కూర్చున్నాయన లిస్టులో దానికి దగ్గరగా కనపడ్డదాన్ని నొక్కారు. ఆయన చెడు చేయాలని చేశారని నేను అనుకోవడం లేదు. కానీ ఆ ఒక్క నొక్కుడుకి మేము పదకొండు నెలలు తిరిగాం.

తిరిగిన ప్రతిసారీ నేను ఒకటే చెప్పాను: "ఈయన చేతులు చూడండి సార్." కుడి అరచేతిలో తాపీ పిడి రాసుకుని కాయ కాసింది. సిమెంటు తినేసి వేళ్ల చివర్లు నున్నగా అయిపోయాయి. రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడదు. తుడిచి పెట్టమంటారు, తడిపి పెట్టమంటారు, ఇంకో వేలు పెట్టమంటారు. కుర్చీలో కూర్చుని చేయించే పని అయితే వేలిముద్రలు అరగవు కదా. చేతులు చూడమంటే ఎవరూ చూడలేదు. అందరూ స్క్రీన్ మీదున్న మాటనే చూశారు.

అందుకే నేను ఆ మాట వెంట పడ్డాను. చూస్తే మాట ఒక్కటే గాని దాని కింద నిలబడ్డ మనుషులు చాలామంది. ఇల్లు కట్టేచోట తాపీ పట్టేవాడు మేస్త్రి. అదే ఇంటికి ఇనుము కట్టేవాడు రాడ్ మేస్త్రి, చెక్కలు బిగించేవాడు సెంట్రింగ్ మేస్త్రి, ఆఖర్న వచ్చి రాళ్లు పరిచేవాడు టైల్స్ మేస్త్రి. వలస పనులకి కూలీలను జమచేసి తీసుకుపోయేవాడూ మేస్త్రే, పాలమూరు వైపు ఆయన్ని గుంపు మేస్త్రి అంటారు. గోదాముల్లో, రేవుల్లో బస్తాలెత్తే జట్టుకి పెద్ద ముఠా మేస్త్రి. మున్సిపాలిటీలో ఊడ్చేవాళ్ల చేత పని చేయించేవారు శానిటరీ మేస్త్రి. వీళ్లలో కొందరు పని చేస్తారు, కొందరు చేయిస్తారు, కొందరు రెండూ చేస్తారు. కొందరికి వచ్చేది కూలి, కొందరికి కమీషన్, కొందరికి నెల జీతం. ఫారంలో మాత్రం అందరికీ ఒకటే గడి.

ఈ మాట మన దగ్గర పుట్టింది కాదు. పోర్చుగీసులో 'మెస్త్రె' అంటే పనిలో ఆరితేరినవాడు. 1498లో వాస్కో డ గామా మలబారు తీరానికి వచ్చాడు, 1510లో గోవా పోర్చుగీసుల చేతికి చిక్కింది. ఆ తర్వాత ఓడలు కట్టేచోట, కోటలు కట్టేచోట, చర్చీలు లేపేచోట వాళ్ల మాటలు మన పనివాళ్ల నోట పడ్డాయి. అల్మారా, ఇస్త్రీ, అనాస, పాదిరి, ఇవన్నీ ఆ దారిన వచ్చినవే. మెస్త్రె కూడా అలాగే దేశమంతా తిరిగింది. హిందీలో మిస్త్రీ అయి మెకానిక్కునీ, వడ్రంగినీ, ఇల్లు కట్టేవాణ్ణీ పట్టుకుంది. తమిళం, కన్నడం, తెలుగు దాన్ని దాదాపు ఒకేలా పలుకుతాయి.

మెస్త్రెకి మూలం లాటిన్‌లోని 'మగిస్తెర్'. 'మగిస్' అంటే ఎక్కువ. మగిస్తెర్ అంటే పైవాడు, నేర్పేవాడు, పెద్ద. అదే మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వెళ్లి మాస్టర్ అయింది, మన బళ్లో మాస్టారు అయింది. మిస్టర్ అక్కణ్ణుంచే వచ్చింది. మేజిస్ట్రేటూ అక్కణ్ణుంచే. ఇటలీ వైపు వెళ్లి మేస్ట్రో అయింది. బళ్లో పాఠం చెప్పే మాస్టారు, కోర్టులో కూర్చునే మేజిస్ట్రేటు, ఎండలో గోడ కట్టే మా నాన్న, మాటల లెక్కన ఒక తల్లి పిల్లలు. దీనికి ఎదురుగా లాటిన్‌లో 'మినుస్' అని ఉంది, తక్కువ అని అర్థం. అందులోంచి వచ్చిన 'మినిస్తెర్' అంటే సేవ చేసేవాడు. మనం మినిస్టర్ అంటున్నది ఆ మాటనే. ఇదంతా నాన్నకి చెప్తే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే మాస్టారుగారూ నేనూ ఒకటే మాటా?" అని అడిగారు. ఆయన చదువు మూడో తరగతి దగ్గర ఆగిపోయింది.

నిఘంటుకారులకు ఇంకొకటి చెప్పాలి. మన దేశంలో ఇంగ్లీషువాళ్లు వాడిన మాటలకి యూల్, బర్నెల్ కలిసి 1886లో వేసిన నిఘంటువు హాబ్సన్-జాబ్సన్‌లో ఈ మాటకి అర్థవివరణ ఉంది. పనివాళ్ల మీద పెద్ద, ఆరితేరిన పనివాడు అన్నది అసలు అర్థమనీ, ఉత్తరాన ఏ చేతిపనివాణ్ణయినా అలా పిలుస్తారనీ, పడమటా దక్షిణానా ఇళ్లలో ఆ మాటకి సాధారణంగా వంటవాడనో దర్జీ అనో అర్థమనీ అందులో రాశారు. పోర్చుగీసుకి బ్లూతో అనే ఆయన చేసిన పాత నిఘంటువులోని అర్థాన్ని కూడా అక్కడే ఎత్తి చూపారు. అందులో రెండు అర్థాలూ పక్కపక్కనే ఉన్నాయి: తన పని బాగా తెలిసినవాడు, ఇతరుల పనిని చూసుకునేవాడు. అంటే ఈ తికమక మనవాళ్ల అజ్ఞానం వల్ల వచ్చింది కాదు, మాట వచ్చిన ఓడలోనే వచ్చింది. దాన్ని విప్పి రాయాల్సిన పని మాత్రం మనది. పరాయివాళ్లు నూట ముప్ఫై ఏళ్లకు పైబడి కిందటే ఇన్ని అర్థాలు విడదీసి రాస్తే, మన ఇళ్లలో ఉండే చిన్న నిఘంటువులు మేస్త్రికి ఒకటో రెండో మాటలు రాసి వదిలేస్తున్నాయి.

ఈ మాటని తీసేసి వేరే మాట పెట్టమని నేను అడగడం లేదు. అది పోకూడదు. దానికి కారణం ఉంది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి అంటే మన దగ్గర పనికీ కులానికీ ఒకటే పేరు. గోడ పనికి, రాతి పనికి పాతకాలంలో ఉన్న 'కాసె' కూడా అంతే. మేస్త్రి అలా కాదు. అది ఎవరి ఇంటిపేరునీ అడగదు. పని నేర్చినవాడల్లా మేస్త్రే. మా తాత పాలేరు. నాన్న పద్నాలుగేళ్లప్పుడు మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) అందించడంతో మొదలుపెట్టారు. ఎనిమిదేళ్ల తర్వాత ఒకరోజు ఇంటి యజమాని "మేస్త్రిగారూ" అని పిలిస్తే, తనని కాదనుకుని వెనక్కి తిరిగి చూశారట. ఆ రోజు ఆయనకి ఇప్పటికీ గుర్తే. 'గారు' అనే మాట మా ఇంట్లో ఒక మనిషి పేరు వెనకాల పడడం అదే మొదటిసారి. అలాంటివాణ్ణి ఏం పని చేస్తావని అడిగితే మేసన్ అని చెప్పడు, మేస్త్రి అనే చెప్తాడు. ఆయన చెప్పింది సరిగ్గా రాసుకోవడం ఫారం పని.

సరిగ్గా రాసుకోకపోతే ఏమవుతోందో వరసగా చెప్తాను.

1. కార్మికుడు కార్మికుడు కాకుండా పోతున్నాడు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో పార్లమెంటు చట్టం చేసింది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు పేరు నమోదు చేయించుకోవచ్చు. కట్టడాల ఖర్చు మీద వసూలు చేసే ఒక శాతం సెస్సు వీళ్ల సంక్షేమానికే. కానీ అదే చట్టంలో ఇంకో మాట ఉండేది. పర్యవేక్షక హోదాలో పనిచేస్తూ నెలకి 1,600 రూపాయలకి మించి తీసుకునేవాడు భవన కార్మికుడి కింద రాడని అది చెప్పింది. ఈ రోజుల్లో పర్యవేక్షణ చేసే ఎవరి జీతమైనా ఆ అంకె దాటే ఉంటుంది. అంటే కాగితం మీద 'సూపర్‌వైజర్' అని పడితే చాలు, తలుపు మూసుకుపోయినట్టే. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలోకి కొత్త కార్మిక కోడ్లు (పాత కార్మిక చట్టాలను కలిపి చేసినవి) వచ్చినా, చేసేవాడికీ చేయించేవాడికీ మధ్య గీత చెరిగిపోలేదు. ఆ గీతకి ఏ పక్క నిలబడ్డాడన్నది తేల్చేది ఒక్క మాట.

తాపీ మేస్త్రి పని దగ్గరుండి చూస్తే ఆ గీత ఎంత సన్నగా ఉంటుందో తెలుస్తుంది. మూల ఇటుకలు పెట్టి, వాటి మధ్య దారం లాగి కడతారు. తాపీతో మాలు పరిచి, ఇటుక పెట్టి, తాపీ పిడితో రెండు దెబ్బలు వేసి కూర్చోబెడతారు. పక్కకి పొంగిన మాలుని అదే ఊపులో గీసి పక్క ఇటుకకి పూస్తారు. రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా ఇంకో వరస ఎక్కరు. ఆ పనిలో ఉండగానే వెనక్కి తిరక్కుండా "మాలు పల్చనైంది, ఇసుక పడనీ" అని కేకేస్తారు. ఆయన చేసే పర్యవేక్షణ ఆ కేక ఒక్కటే. సాయంత్రం తనూ మిగతావాళ్లలాగే కూలి డబ్బుల కోసం నిలబడతారు.

2. ఒక మాటకి మూడు నంబర్లు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2008 వర్గీకరణలో ఇటుక పనివాళ్లకి 7112, రాతి పనివాళ్లకి 7113, నిర్మాణ పర్యవేక్షకులకి 3123. మన దేశపు 2015 వృత్తుల వర్గీకరణ దాని మీద కట్టిందే. అసంఘటిత కార్మికుల నమోదు కోసం 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు రాయించుకున్నా వృత్తి దగ్గర ఈ లిస్టే ఎదురవుతుంది. 7తో మొదలైతే చేతిపని, 3తో మొదలైతే అది వేరే మెట్టు. మేస్త్రి అన్న జవాబు విన్న మనిషి ఈ మూడింట్లో ఏది నొక్కాలి? ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇందులో ఆపరేటర్ తప్పు కన్నా ఫారం తయారుచేసినవాళ్ల తప్పే ఎక్కువ.

3. ఇదే మాట చాటున ఇంకోవైపు కాంట్రాక్టరు తప్పించుకుంటున్నాడు. అడ్వాన్సు చేతిలో పెట్టి కూలీలను వందల మైళ్లు తీసుకుపోయి, లెక్కలు తేల్చకుండా వదిలేసే గుంపు మేస్త్రులు ఉన్నారు. అందరూ అలాంటివాళ్లని కాదు. తన కూలీలకి ఆస్పత్రి ఖర్చులు పెట్టుకున్నవాళ్లనీ చూశాను. కానీ మోసపోయినవాళ్లు "మా మేస్త్రి డబ్బులివ్వలేదు" అని ఫిర్యాదు రాసిస్తే, చదివే అధికారికి అది ఇద్దరు పనివాళ్ల మధ్య గొడవలా కనిపిస్తుంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు అంటే ఎవరో చెప్తూ ఖాతాదారు, సర్దారు అని పేర్లు పెట్టి రాసింది. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఆ పేర్లు చట్టానికి ఎక్కాయి. మన మేస్త్రి ఎక్కలేదు, "ఏ పేరుతో పిలిచినా సరే" అన్న మాటల్లో కలిసిపోయాడు. ఆ చట్టం లెక్కన గుంపు మేస్త్రి కాంట్రాక్టరే. తెలుగు ఫిర్యాదు కాగితంలో ఆ సంగతి కనపడదు.

ఇది కొత్త గాయం కూడా కాదు. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్లు బియ్యం మిల్లుల్లోకీ, ఓడరేవు పనుల్లోకీ రంగూన్ వెళ్లినప్పుడు వాళ్లని తీసుకుపోయింది మేస్త్రీలే. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్లు మనవాళ్లని 'కోరంగీలు' అనేవారు. అడ్వాన్సు ఇచ్చేది మేస్త్రి, పని చూపేది మేస్త్రి, కూలి చేతికొచ్చేది కూడా మేస్త్రి మీదుగానే. పై మేస్త్రి, కింద మేస్త్రి, అందరూ తమ వాటా తీసుకున్నాకే మిగిలింది కూలీకి. బర్మా చరిత్ర రాసినవాళ్లు దానికి మేస్త్రీ పద్ధతి అనే పేరు పెట్టారు. 1930 మేలో రంగూన్ రేవులో బర్మా కూలీలకీ తెలుగు కూలీలకీ మధ్య అల్లర్లు చెలరేగి మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంత చరిత్ర ఉన్న అర్థం మన నిఘంటువుల్లో ఒక వాక్యమైనా కాకూడదా?

4. ఆడవాళ్ల సంగతి. మా అమ్మ ఇరవై రెండేళ్లు మాలు అందించింది, ఇటుకలు మోసింది. నాన్న లేనప్పుడు గోడకి పూత వేసింది, మూలలు తీసింది. అది ఎవరి చేతి పనో పక్కన నిలబడి చూసినా తేడా తెలియదు. ఇరవై రెండేళ్లలో ఒక్కరూ ఆమెని మేస్త్రి అనలేదు. మేస్త్రమ్మ అన్నారు, మేస్త్రి భార్య కాబట్టి. అదే పని నేర్చిన మగపిల్లవాడు ఐదారేళ్లకి మేస్త్రి అవుతాడు, కూలి పెరుగుతుంది. ఆడమనిషి ఎన్నేళ్లు చేసినా హెల్పరే, అదే కూలి. వ్యాకరణం అడ్డు చెప్పదు. "మేస్త్రి వచ్చింది" అంటే తెలుగులో తప్పేమీ లేదు. అయినా నిఘంటువులో మేస్త్రికి ఎదురుగా '-వాడు' అనే ఉంటుంది, ఫారంలో ఆడవాళ్ల పేరు దగ్గర 'కూలీ' అనే పడుతుంది.

5. పత్రికల్లో గోడ కూలినప్పుడల్లా 'మేస్త్రిపై కేసు' అని హెడ్డింగ్ వస్తుంది. ఆ మేస్త్రి కాంట్రాక్టు తీసుకున్నవాడా, రోజు కూలికి ఇటుక పెట్టినవాడా? లోపల చదివినా తెలియదు. ఊళ్లో మాత్రం తాపీ పట్టిన ప్రతివాణ్ణీ నాలుగు రోజులు అనుమానంగా చూస్తారు.

మీ నుంచి మేము కోరేవి ఇవి.

1. నమోదు ఫారంలో 'వృత్తి' అన్న ఒక్క గడి కింద రెండు చిన్న ప్రశ్నలు చేర్చండి: "మీ చేతిలో ఉండే పనిముట్టు ఏది?", "ఇతరులకి కూలి మీరు ఇస్తారా?" తాపీ అని చెప్పి, రెండోదానికి లేదు అన్నవాళ్లని చేతిపని నంబరు కిందే రాయండి. మేస్త్రి అన్న మాటని సూపర్‌వైజర్ అని తర్జుమా చేయవద్దని ఆపరేటర్లందరికీ రాతపూర్వకంగా చెప్పండి.

2. ఇప్పటికే తప్పుగా పడ్డవాటిని దిద్దే దారి చూపండి. తోటి పనివాళ్లు ఇద్దరు సాక్ష్యం చెప్తే 30 రోజుల్లో దిద్దాలి. ప్రమాదం జరిగాక తప్పు బయటపడితే, దిద్దుబాటుకి పట్టిన కాలాన్ని దరఖాస్తు గడువులో లెక్క కట్టకూడదు. మా నాన్న విషయంలో పదకొండు నెలలకి మాట దిద్దారు. ఆ తర్వాత గడువు దాటిందని దరఖాస్తు మళ్లీ తిప్పి పంపారు.

3. కూలి ఎగవేత ఫిర్యాదుల్లో మేస్త్రి అని ఉంటే, అతను కూలీలను తెచ్చినవాడో తోటి పనివాడో ముందు తేల్చాకే ఫైలు కదలాలి. తెచ్చినవాడైతే కాంట్రాక్టరు కింద నోటీసు ఇవ్వండి.

4. నిఘంటుకారులు మేస్త్రికి అర్థాలు విడివిడిగా, ఏ ప్రాంతంలో ఎలా వాడతారో చెప్తూ, మాట వచ్చిన దారితో సహా ఇవ్వాలి. దయచేసి ఆ అర్థాలు పాత నిఘంటువుల్లోంచి ఎత్తి రాయకండి, పని జరిగేచోటికి వచ్చి అడగండి. మాలు, మూలమట్టం, రసమట్టం, పరంజా, ఇంకా మాకు తెలిసి మీకు తెలియని మాటలు చాలా దొరుకుతాయి. '-వాడు' పక్కన ఆడవాళ్లకి కూడా చోటివ్వండి.

5. నైపుణ్య పరీక్షలు పెట్టినప్పుడు హెల్పర్లుగా రాసి ఉన్న ఆడవాళ్లని కూడా పిలవండి. గోడ కట్టి చూపించినవాళ్లకి మేస్త్రి అని కార్డు ఇవ్వండి, ఆ కూలే ఇప్పించండి.

6. డెస్కు మిత్రులారా, మేస్త్రికి ముందు పని పేరు ఒక్కటి చేర్చండి: తాపీ మేస్త్రి, గుంపు మేస్త్రి, శానిటరీ మేస్త్రి. అంతకన్నా ఎక్కువ అడగడం లేదు.

ఈ ఉత్తరం అచ్చయిన రోజు నుంచి 30 రోజులు జవాబు కోసం చూస్తాను. అప్పటికీ రాకపోతే, నాన్నతో కలిసి పనిచేసినవాళ్లం అందరం, మా అమ్మతో సహా, ఎవరి పనిముట్టు వాళ్లం చేత్తో పట్టుకుని కార్యాలయానికి వస్తాం. ఒక్కొక్కరినీ చూసి, ఎవరికి ఏ నంబరో మా ముందే రాయండి.

ఇట్లు,
ఒక తాపీ మేస్త్రికీ, మేస్త్రి అనిపించుకోని ఒక మేస్త్రికీ కూతురు